సవరణ: రొయ్యలు పడనివాళ్లకి సెట్రిజిన్ ఒక్కటే చాలదు

రొయ్యల కూర తిన్నాక దద్దుర్లు, ఆయాసం వస్తే సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర వేసుకుని అరగంట చూడమని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, ప్రమాదకరం కూడా. దయచేసి ఎవరూ అలా ఆగకండి.

దురద, దద్దుర్ల వరకే అయితే సెట్రిజిన్ పనికొస్తుంది. అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దురద పుట్టించే హిస్టమిన్ అనే పదార్థాన్ని అది అడ్డుకుంటుంది, అంతవరకే. గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి వచ్చే తీవ్రమైన అలర్జీ. అప్పుడు ముందు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు కండరంలో. పెద్దవాళ్లకి సాధారణంగా 0.5 మిల్లీగ్రాములు, పిల్లలకి బరువును బట్టి. పడిపోతున్న బీపీని అది నిలబెడుతుంది, ఊపిరి గొట్టాలను తెరుస్తుంది. ఈ రెండూ సెట్రిజిన్ చేయలేదు.

కాబట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. నిలబెట్టి నడిపించడం మాత్రం వద్దు, ఒక్కసారిగా బీపీ పడిపోవచ్చు. తగ్గిందనిపించినా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, లక్షణాలు మళ్లీ తిరగబెట్టవచ్చు.

ఇంకొకటి. రొయ్యల్ని బాగా ఉడికిస్తే ఏమీ కాదని కూడా రాశాను. అదీ నిజం కాదు. రొయ్యల్లో ఎక్కువమందికి పడని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వేడికి చెడిపోదు. వేపుడైనా, పులుసైనా, ఎండురొయ్యల పొడైనా ఒకటే. పాత పోస్టును ఎవరికైనా పంపి ఉంటే, ఇది కూడా వాళ్లకి తప్పకుండా పంపండి.