'క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్' గారికి

మహారాజశ్రీ 'క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్' గారికి,

ప్రతి స్కాన్ రిపోర్టు చివర, సంతకానికి సరిగ్గా పైన, 'రోగి లక్షణాలతో పోల్చి చూసుకోండి' అంటూ కాలు మీద కాలేసుకుని కూర్చునే తమరికి నమస్కారాలు. మా నాన్న తల సీటీలోనూ దర్శనమిచ్చారు. తమరి పైలైనులో 'నార్మల్' అని ఉంది కదా అని ఇంటికొచ్చి, పారాసిటమాల్ వేసి పడుకోబెట్టాం.

నిన్న ఇంకో ఆసుపత్రిలో న్యూరో డాక్టరు ఫిల్ము తియ్యకముందే అడిగారు, "ఈమధ్య ఎక్కడైనా పడ్డారా?" పడ్డారండీ, మూడు వారాల కింద, బాత్రూంలో. అప్పుడు అదే పాత ఫిల్మును లైటుకి పెట్టి, పుర్రె వెంబడి రెండు పక్కలా వేలు నడిపించారు. రక్తం. కొత్త రక్తం సీటీలో తెల్లగా కనబడుతుందట. ఒకటి నుంచి మూడు వారాల మధ్య మెదడు రంగులోనే కలిసిపోతుందట. ఒక పక్కే పేరుకుంటే మెదడు మధ్యగీత పక్కకి జరిగి పట్టిచ్చేది. నాన్నకి రెండు పక్కలా సమానంగా పేరుకుంది.

కోరిలేట్ చెయ్యమన్నారు, బాగుంది. దేనితో అండీ? స్కాన్‌కి రాసిచ్చిన చీటీలో హిస్టరీ, అంటే రోగికి జరిగిన సంగతులు, రాసే చోట ఒక్కటే మాట: 'హెడేక్'. పడ్డ సంగతి కౌంటరులో నేను చెప్పాను. "అవన్నీ డాక్టరుగారికి చెప్పుకోండి" అంది ఆ అమ్మాయి. స్కాన్ చదివే ఆ డాక్టరుగారేమో ఎక్కడో మరో ఊళ్లో, అర్ధరాత్రి కంప్యూటర్ ముందు. ఎన్నో తలల మధ్య మా నాన్నదొకటి. (వయసు 72ని 27 అని కొట్టారు. దానికి మాత్రం నాన్న మురిసిపోయాడు.)

2013లో అమెరికాలో ఊపిరితిత్తుల సీటీలో గొరిల్లా బొమ్మ పెట్టి, గడ్డలు వెతకమని స్కాన్లు చదివే 24 మంది రేడియాలజిస్టులకి ఇస్తే 20 మందికి కనబడలేదు. గడ్డలు వెతికే కంటికి గొరిల్లా ఆనదు. మరి 'హెడేక్' అని రాసిస్తే ఆయన ఏం వెతకాలి మహాప్రభో?

మర్యాదలు ఇక చాల్లే. స్కాన్ చదివినాయన నీ చాటున దాక్కుంటాడు. స్కాన్ రాసిచ్చినాయన 'ఇంప్రెషన్' అనే ముగింపు లైను ఒక్కటి చూసి నిన్ను చదవనే చదవడు. మధ్యలో మా నాన్న చెంచా నిలవక ఉప్మా లుంగీ మీద ఒంపుకుని, ఎవరూ చూడలేదనుకుని దులుపుకున్నాడు.

రేపు ఆపరేషన్. ముందు ఇంకో సీటీ అన్నారు. ఈసారి చీటీ నేనే లాక్కుని వెనకవైపు దాకా రాశాను: పడ్డ తేదీ, దెబ్బ ఎటు తగిలిందీ, రక్తం పల్చబడటానికి వేసుకునే మాత్ర పేరు. రిపోర్టు ఇందాకే వచ్చింది. ఎన్ని మిల్లీమీటర్ల మందాన ఉందో కూడా రాశారు.

కింద మళ్లీ నువ్వే.

ఇట్లు,
హిస్టరీ కాలమ్‌లో పట్టని ఓ కొడుకు