మానిన పుండు కింద ఏముంది?

మర్మావయవాల దగ్గర పొక్కులు లేస్తే మన తిరుపతి, చిత్తూరుల్లో చాలామంది ముందుగా పోయేది మందుల షాపుకే. పక్కన ఎవరూ లేని సమయం చూసి, గొంతు తగ్గించి, ఏదో ఒక ఆయింట్‌మెంట్ అడిగి తెచ్చుకుంటారు. అక్కి అనుకునేవాళ్లూ ఉన్నారు. అక్కి వేరు, అది ఆటలమ్మ వైరస్ మళ్లీ లేవడం వల్ల వస్తుంది. ఇది హెర్పిస్, ఎక్కువగా హెచ్‌ఎస్‌వి-2 రకం. రెండు మూడు వారాల్లో పొక్కులు ఆరిపోతాయి. హమ్మయ్య, తగ్గిపోయిందనుకుంటారు.

మా ఆందోళనంతా ఆ ‘తగ్గిపోయింది’ అన్న మాట గురించే. హెర్పిస్ శరీరాన్ని వదిలిపోదు, వెన్ను దగ్గరి నరాల మొదళ్లలో దాక్కుంటుంది. పుండు మానిన చోటు కూడా మునుపటిలా ఉండదు. అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు అలాంటి చోట్ల నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. పైన చర్మం మామూలుగానే ఉంది. లోపల మాత్రం సీడీ4 కణాలు గుంపులుగా ఉన్నాయి. హెర్పిస్‌తో పోరాడటానికి వచ్చిన ఆ రక్షణ కణాలు నెలలు గడిచినా వెనక్కి పోలేదు. హెర్పిస్‌ను అణచే అసైక్లోవిర్ మాత్రలు రోజూ వేసుకున్నవాళ్లలోనూ అంతే. హెచ్‌ఐవి దూరేది సరిగ్గా ఈ కణాల్లోకే! ల్యాబ్‌లో, పుండు లేని చోటి ముక్కలకంటే ఆ ముక్కల్లో హెచ్‌ఐవి 3 నుంచి 5 రెట్లు వేగంగా పెరిగింది. హెచ్‌ఎస్‌వి-2 ఉన్నవాళ్లకు హెచ్‌ఐవి సోకే ప్రమాదం దాదాపు 3 రెట్లు ఎక్కువని ముందే తెలుసు. హెర్పిస్‌ను మాత్రలతో అణచిపెడితే హెచ్‌ఐవి సోకడం తగ్గుతుందని ఆశపడి చేసిన రెండు పెద్ద ప్రయోగాలు 2008లో ఎందుకు నిరాశపరిచాయో దీంతో చాలావరకు అర్థమైంది.

అందుకే పుండు మానినా కండోమ్ మానకూడదు. ఈ మాట ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు వచ్చిన ప్రతి ఒక్కరికీ అర్థమయ్యేలా చెప్పాలి. మందుల చీటీతోనే పంపేస్తే సగం పనే అయినట్టు.

చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. దేశంలో తొలి హెచ్‌ఐవి కేసులు 1986లో అక్కడి ల్యాబ్‌లోనే బయటపడ్డాయి. ఇన్నేళ్లయినా ఓపీ చీటీ రాసే చోట పదిమంది ముందు జబ్బు పేరు చెప్పాల్సి వస్తే, ఏ ఆడపిల్ల నోరు విప్పుతుంది? భర్త వల్ల సోకినా నింద తన మీదికే వస్తుందని భయపడే ఇల్లాలు ఆస్పత్రి గడప ఎలా తొక్కుతుంది? సమ్మతి లేకుండా హెచ్‌ఐవి పరీక్ష చేయకూడదనీ, వివరాలు గుట్టుగా ఉంచాలనీ 2017 చట్టం చెబుతోంది. ఆ గుట్టు ఓపీ కిటికీ దగ్గరే మొదలవ్వాలి. మన రెండు జిల్లాల్లోని ప్రభుత్వాసుపత్రులన్నిటిలో ఇందుకు తలుపున్న ఒక గది, ఆడవాళ్లతో మాట్లాడటానికి ఒక మహిళా కౌన్సెలర్ ఉండాలని కోరుతున్నాం. హెర్పిస్ అని తేలినవాళ్లకు హెచ్‌ఐవి పరీక్ష అదే రోజు ఉచితంగా చేయాలి, మూడు నెలలకు మళ్లీ రమ్మని తేదీ రాసివ్వాలి.