పోర్యుస్ రైలుకు కరెంటు బాకీ

స్వీడన్‌లో లోపలి ప్రాంతాల గుండా ఉత్తరాదికి వెళ్లే ఇన్లాండ్స్‌బానన్ రైలు మార్గం అనగానే అందరికీ వేసవి విహారమే గుర్తొస్తుంది. ఆర్కిటిక్ వలయం దాటే చోట పట్టాల పక్కన తెల్ల రంగు పూసిన రాళ్ల వరుస, ఫొటోల కోసం దిగే ప్రయాణికులు, పట్టాల మీదికి వచ్చిన రెయిన్‌డీర్లు తప్పుకునే దాకా ఆగే డీజిల్ బండి. చూడముచ్చటైన దృశ్యమే. కానీ ఈ లైను వేసింది చూసి మురిసిపోవడానికి కాదు.

ఉత్తరాదిలోని పోర్యుస్ ఊరి సంగతే తీసుకోండి. 1910లో అక్కడ లూలే నది మీద జలవిద్యుత్ కేంద్రం పనులు మొదలైనప్పుడు దారి లేదు. యెల్లివారే పట్టణం నుంచి సుమారు 50 కిలోమీటర్లు, చిత్తడి నేలల్లో, మనుషులు సామాన్లు వీపున మోసుకెళ్లారు. మరుసటి ఏడాది రైలు వచ్చాకే బరువైన యంత్రాలు కదిలాయి. 1915లో ఆ కేంద్రం కరెంటుతోనే కిరునా ఇనుప ఖనిజం రైళ్లు నడిచాయి. యెల్లివారే–పోర్యుస్ ముక్క తర్వాత ఇన్లాండ్స్‌బానన్‌లో భాగమైంది. మొత్తం మార్గం 1937లో పూర్తయింది. విద్యుత్ కేంద్రాన్ని మోసుకొచ్చిన ఈ లైను మాత్రం నేటికీ డీజిల్ మీదే నడుస్తోంది!

జనం తక్కువ, బస్సు చాలు అంటారు. జనం తక్కువన్నది నిజమే. అయితే అడవిలో నరికిన దుంగలు బస్సెక్కవు. అవి రైలెక్కకపోతే లారీలెక్కుతాయి, ఆ లారీలు రోడ్లను నలిపేస్తాయి. ఆ రోడ్ల మరమ్మతు ఖర్చు రైలు నష్టాల పద్దులో ఎవరూ చూపరు. రోడ్డుకు లాభమెంత అని అడగని ప్రభుత్వాలు రైలును మాత్రం ఏటా బోనులో నిలబెడతాయి. ఈ లెక్కే నాకు మింగుడుపడదు.

ఆ లెక్కతోనే 1990ల మొదట్లో ప్రభుత్వ రైల్వే ఈ లైనును వదిలించుకోజూసింది. దారి పొడవునా ఉన్న మునిసిపాలిటీలు కలిసి కంపెనీగా ఏర్పడి, 1993లో నిర్వహణ భుజానికెత్తుకున్నాయి. చాలావరకు చిన్న ఊళ్లే, అయినా వెయ్యి కిలోమీటర్లకు పైగా పట్టాలను బతికించుకున్నాయి. ఆ ప్రాంతం కలప ఇచ్చింది, నదులిచ్చింది. దక్షిణాది నగరాల్లో వెలిగే దీపాల్లో లూలే నీళ్లున్నాయి. ఎక్కడైనా ఇదే తంతు: వనరులిచ్చే నేలకు రాయితీ దక్కుతుంది, వాటా దక్కదు.

స్వీడన్ 2024లో నాటోలో చేరింది. ఉత్తరాదికి తూర్పు వైపున్న ప్రధాన లైను చాలా భాగం ఒంటి పట్టాయే. అది తెగితే లోపలి దారి ఇదొక్కటే. రక్షణ అవసరం కూడా తోడైన ఈ సమయంలోనైనా స్టాక్‌హోమ్ ప్రభుత్వం పట్టాల కింది మట్టికట్టలు పటిష్ఠం చేసి, బరువైన బండ్లకు తగ్గట్టు పట్టాలు మార్చాలి. కరెంటు తీగల పని యెల్లివారే–పోర్యుస్ మధ్యే మొదలుపెట్టాలి.