చక్రాల అలకపాన్పు

ఇంట్లోకి రెండో బిడ్డ రాబోతోందని తెలిసిన రోజు నుంచి మా ఆయన చేతిలోంచి కొలత టేపు దిగలేదు. పేరు ఆలోచించారా అంటే లేదు. పేరుదేముంది, ఎప్పుడైనా పెట్టొచ్చు. ముందు డబుల్ స్ట్రోలర్, అంటే ఇద్దరు పిల్లల్ని ఎక్కించి తోసుకెళ్లే బండి, దాని సంగతి తేలాలి. వినడానికి చిన్న మాటే. దిగాక తెలిసింది, మేం పూనుకున్నది సంకీర్ణ ప్రభుత్వ ఏర్పాటుకని. సభ్యులు ఇద్దరే, సీట్లూ రెండే, లెక్క ప్రకారం గొడవే ఉండకూడదు. అయితే సీట్ల సర్దుబాటులో గొడవ ఎన్ని సీట్లన్న దగ్గర ఎప్పుడు వచ్చింది గనుక? ఏ సీటు ఎవరికన్న దగ్గరే వస్తుంది.

సభ్యుల పరిచయం. ఒకరు పెద్దాడు, వయసు రెండేళ్ల రెండు నెలలు. మొన్నమొన్నటిదాకా ఇంట్లో వాడే చిన్నాడు. ఎవరూ అడక్కుండానే పదోన్నతి వచ్చిపడింది. జీతం పెరగలేదు సరికదా, ఉన్న ఒడి పోయింది. రెండో సభ్యురాలికి అప్పటికింకా సభాప్రవేశమే కాలేదు. అయినా ఆవిడ షరతులు ముందే వచ్చేశాయి, అవీ బేరానికి లొంగనివి. అప్పుడే పుట్టిన బిడ్డకి కూర్చునే సీటు పనికిరాదు, వెల్లకిలా బల్లపరుపుగా పడుకోవాలి. మెడ నిలవని వయసులో ఏటవాలుగా కూర్చోబెడితే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని, ఊపిరి ఆడే దారి ఇరుకైపోతుంది. కారు సీటునే ఊడదీసి స్ట్రోలర్ చట్రానికి తగిలించుకోవచ్చని మనం మురిసిపోతాం గానీ, అది కాసేపటి ప్రయాణానికే, గంటల తరబడి నిద్రకి కాదు. తనంతట తాను కూర్చునేదాకా, అంటే దాదాపు ఆరు నెలలు, ఇంతే. ఈ ఒక్క పేరాలో నేను వెటకారం ఆడటం లేదని మనవి. తరవాతి పేరా నుంచి యథావిధిగా.

ఇప్పుడు పక్షాలు. మొదటిది పక్కపక్క వర్గం. సమానత్వం వీళ్ల సిద్ధాంతం: ఇద్దరికీ ఒకే ఎత్తు, ఒకే గాలి, ఒకే దృశ్యం. చిక్కేమిటంటే సమానులిద్దరూ చేతికందేంత దూరంలో ఉంటారు. పెద్దాడు చెయ్యి చాపితే చెల్లి సాక్సు అందుతుంది, ఇంకాస్త చాపితే చెవి అందుతుంది. పైగా ఒకరు 12 కిలోలు, ఇంకొకరు మూడు. తోస్తుంటే బండి తిన్నగా పోనంటుంది, బరువున్న సభ్యుడి వైపే లాగుతుంది. సంకీర్ణాల్లో ఇది కొత్తేమీ కాదు.

రెండోది ముందువెనక వర్గం. వీళ్లు సమానత్వం ఊసెత్తరు, క్రమశిక్షణ అంటారు. ఒకరు పైన, ఒకరు కింద. వెడల్పు ఒంటి స్ట్రోలరంతే ఉంటుంది కాబట్టి ఎక్కడైనా దూరుతుంది. పొడుగు మాత్రం చిన్న సైజు రైలు. ఫుట్‌పాత్ అంచు ఎక్కించాలంటే హ్యాండిల్ మీద ఒళ్లంతా వేసి నొక్కాలి. ముందు చక్రాలు లేవాలిగా, ఆ చక్రాల మీద కూర్చున్నది ఎవరనుకున్నారు, మన 12 కిలోల ఆయనే. కింది సీటు వారికి లోకమంటే ఏమిటో అమ్మేవాళ్లు ఎక్కడా రాయరు. నేను నేల మీద చతికిలబడి, తల వంచి, ఆ ఎత్తులోంచి చూశాను. పై సీటు అడుగున కుట్టిన ఉతుకు సూచనల లేబుల్ కనిపించింది. బ్లీచ్ వాడరాదట.

మధ్యేవాదులూ ఉన్నారు. ఇప్పటికి ఒక సీటు, రేపు అవసరమైతే రెండో సీటు తగిలించుకోవచ్చంటారు. దాన్ని అన్ని దిక్కులకూ తిప్పుకోవచ్చు, అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఇన్ని వైపులకు తిరగ్గలిగేదాన్ని మనం మామూలుగా నమ్మం, కానీ ఇక్కడ మాత్రం అదనంగా డబ్బు పెట్టి కొంటాం. తగిలించే అడాప్టర్లు మళ్లీ విడిగా. ఇక స్వతంత్ర అభ్యర్థి, నిలబడే పలక. ఒంటి స్ట్రోలర్‌కి వెనక తగిలిస్తే పెద్దాడు దాని మీద నిలబడతాడు, మామూలుగా 20 కిలోల దాకా మోస్తుంది. చవక, తేలిక. తోసేవాళ్ల మోకాటి చిప్పలు అడుగడుగునా దానికి కొట్టుకుంటాయి. స్వతంత్రులతో ఎప్పుడూ ఇదే ఇబ్బంది, మోయడం మాత్రం మనమే.

నాకు విసుగొచ్చి చరిత్ర తిరగేశాను. 1733లో విలియం కెంట్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి డెవన్‌షైర్ డ్యూక్ గారి పిల్లలకి గవ్వ ఆకారంలో ఒక బండి చేసిచ్చాడు. దాన్ని లాగడానికి మేకనో పొట్టి గుర్రాన్నో కట్టేవారట. గమనించారా, తల్లిదండ్రుల నడుము ప్రస్తావన ఎక్కడా లేదు. 1889లో అమెరికాలో విలియం రిచర్డ్‌సన్ తొట్టిని తిప్పేసే ఏర్పాటుకి పేటెంట్ తీసుకున్నాడు, దాంతో బిడ్డ ముఖం తోసేవాళ్ల వైపు తిప్పుకోవచ్చు. తిప్పుకున్నాక బిడ్డ మనవైపే చూస్తూ ఏడుస్తుంది, అది వేరే సంగతి. 1965లో ఓవెన్ మెక్లారెన్ గొడుగులా ముడుచుకునే బండి కనిపెట్టాడు. మనవరాలి బరువైన బండితో కూతురు పడే అవస్థ చూశాట్ట. ఆయనెవరనుకున్నారు? స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి చక్రాల అమరిక రూపొందించిన ఇంజనీరు. గాల్లో విమానం కాళ్లు ముడిచినవాడికి గానీ బిడ్డ బండి ముడవడం చేతకాలేదన్నమాట. ఆ బండి బరువు మూడు కిలోల లోపే. ఇవాళ మా ముందున్న డబుల్ స్ట్రోలర్లు ఒక్కోటి 15 కిలోలు తూగుతున్నాయి. ప్రగతి.

ముడవడమంటే గుర్తొచ్చింది. 'ఒంటిచేత్తో మడవొచ్చు' అని ప్రతి వీడియోలోనూ చూపిస్తారు. అందులో ఆ అమ్మాయి రెండో చెయ్యి చక్కగా నడుం మీద పెట్టుకుని ఉంటుంది. పిల్లలు ఎక్కడున్నారో చూపించరు. మా ఇంట్లో ఆ రెండో చేతిలో బిడ్డ ఉంటుంది, మూడోది ఉంటే దాంతో పెద్దాడి చొక్కా పట్టుకోవాలి. మడిచిందాన్ని కారు డిక్కీలో పెట్టడానికి చక్రాలు ఊడదీయాల్సిన మోడళ్లూ ఉన్నాయి. వాటి గురించి మా ఇంట్లో ఒకసారి మాట్లాడుకున్నాం, మళ్లీ మాట్లాడుకోలేదు.

ఎంత బరువు మోస్తుందో చూడమన్నారెవరో. యూరప్ ప్రమాణం ఈఎన్ 1888లో రెండు భాగాలున్నాయి: ఒకటి 15 కిలోల దాకా, ఇంకోటి 22 కిలోల దాకా. 22 అయితే పిల్లాడు బడికెళ్లే వయసులోనూ కూర్చోవచ్చు కదా అని మా ఆయన కళ్లు మెరిశాయి. "ఏమండీ, వాడు ఇప్పుడు కూర్చుంటే చాలు" అన్నాను.

అసలు తీర్పు మాత్రం వీటిలో వేటివల్లా రాలేదు. తలుపు వల్ల వచ్చింది. మా వీధి తలుపు గుమ్మం 80 సెంటీమీటర్లు. పక్కపక్క బండి 76. నాలుగు సెంటీమీటర్లు మిగులుతుంది కదా అని మా ఆయన విజయగర్వంతో ప్రకటించారు. తలుపు పూర్తిగా తెరిచినా దాని మందం గుమ్మంలోకి చొచ్చుకొచ్చి నాలుగు సెంటీమీటర్లు మింగుతుందనీ, గడియ ఇంకో అర సెంటీమీటరు కాజేస్తుందనీ టేపు చెప్పలేదు. అందుకని ఆయన ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెని కత్తిరించి, సరిగ్గా 76 వెడల్పున నమూనా ఒకటి తయారుచేశారు. మధ్యలో సీట్లకి గుర్తుగా స్కెచ్ పెన్నుతో గీత కూడా గీశారు. పెద్దాణ్ని అందులో కూర్చోబెట్టి గుమ్మంలోంచి తోశారు. సగందాకా సాఫీగా వెళ్లింది. తరవాత గడియ దగ్గర కర్ర్‌మని ఆగింది. ఆయన వెనక్కి లాగి, కాస్త వాలుగా పెట్టి మళ్లీ తోశారు. అట్ట చిరిగింది. పెద్దాడు మాత్రం "మళ్లీ" అన్నాడు. పదకొండుసార్లు మళ్లీ అన్నాడు.

అలా ముందువెనక వర్గం నెగ్గింది. ఏ బిడ్డ సౌకర్యమూ కాదు, గడియ గెలిపించింది.

చెల్లి వచ్చింది. మొదటి షికారు రోజు వచ్చింది. షరతుల ప్రకారం చెల్లికి పైన పడక, అన్నకి కింద సీటు. వాడు కింద కూర్చుని తలెత్తి చూశాడు. లేబుల్ చదవడం రాదు కాబట్టి బ్లీచ్ సంగతి వాడికి తెలియలేదు, కానీ పైన ఎవరున్నారో మాత్రం అర్థమైంది. వెంటనే విల్లులా వెనక్కి వంగాడు. ఇంట్లో రెండేళ్ల పిల్లలున్నవాళ్లకి ఆ ఆసనం పరిచయమే. అప్పుడు పిల్లాడి ఒంట్లో మడిచే చోటంటూ ఉండదు. బెల్టుకి అయిదు కొసలు: భుజాలకి రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య ఒకటి. నేను మూడోదానికి వచ్చేసరికి మొదటి భుజం బయటికి వచ్చేది. "నేను నడుత్తా" అని ప్రకటించి సభ్యుడు సభ నుంచి వాకౌట్ చేశాడు. వాకౌట్ అన్న మాటకి ఇంతకన్నా నిఖార్సైన అర్థం నేనెక్కడా చూడలేదు.

నేను అప్పుడే చెల్లిని పాలకని ఎత్తుకున్నాను. వాడు దూకి దిగాడు, హ్యాండిల్‌కి తగిలించిన సంచి బరువుకి బండి మొత్తం వెనక్కి తిరగబడింది. హ్యాండిల్‌కి సంచులు తగిలించొద్దని బండి మీదే రాసి ఉంటుంది. సంచి తగిలించాక ఆ రాత కనపడదు. ఆ రోజు నుంచి సంచికి కింది సీటు కేటాయించాం. అయిదు కొసల బెల్టూ పెడుతున్నాం. సంచి ఎప్పుడూ వెనక్కి వంగలేదు. దారిలో ఒక పెద్దావిడ బండి గొడుగు కిందికి వంగి చూసి, "బంగారం, ఎంత బుద్ధిగా కూర్చుంది" అని మెచ్చుకున్నారు. చూపు ఆననట్టుంది, నేను దిద్దలేదు.

ఇప్పుడు బండి వీధి గుమ్మం పక్కన నిలబడి ఉంటుంది. ఇద్దరి కోసం కొన్న బండిలో ఒకరు పడుకుంటారు, సంచి కూర్చుంటుంది, మూడోవారు పక్కన నడుస్తూ పది అడుగులకొకసారి ఎత్తుకోమంటారు.

హాల్లో మాత్రం ఆ అట్టపెట్టె ఇంకా ఉంది. చిరిగిన చోట టేపు అంటించి ఉంది. పారేద్దామంటే పెద్దాడు ఒప్పుకోడు. నిన్న సాయంత్రం అందులోకెక్కి గీతకి కుడివైపు సర్దుకుని కూర్చున్నాడు. ఎడమవైపు అట్ట మీద అరచేత్తో దబదబా తట్టాడు.

"చెల్లి ఇక్కడ" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు. వెడల్పు 76 అని నేనేమీ గుర్తు చేయలేదు.