ఆశ్రమానికి కొండే కావాలా? మూతపడ్డ మిల్లు పనికిరాదా?

ఇటలీలో టూరిన్ నగరానికి ఉత్తరాన కొండల నడుమ విద్రాకో అనే చిన్న ఊరుంది. టైప్‌రైటర్లకు పేరుమోసిన ఒలివెట్టి కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి అక్కడ మూతపడి, చాలాకాలం ఖాళీగా పడి ఉంది. ఆ చుట్టుపక్కలే ఉండే దమన్‌హూర్ అనే ఆధ్యాత్మిక సమాజం దాన్ని తీసుకుని 2004లో మళ్లీ తెరిచింది. ఇప్పుడు అందులో సేంద్రియ సరుకుల దుకాణం, చేతిపనులవాళ్ల వర్క్‌షాపులు, సభలు పెట్టుకునే హాలు ఉన్నాయి. ఆ సమాజంలో చేరినవాళ్లు తమ పేరుగా ఒక జంతువు పేరు, ఒక మొక్క పేరు కలిపి పెట్టుకుంటారు.

టూరిన్‌లో ఇంకోటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆయుధాలు చేసిచ్చిన కర్మాగారం పాడుబడిపోతే, ఎర్నెస్టో ఒలివెరో అనే బ్యాంకు ఉద్యోగి 1964లో మొదలుపెట్టిన సెర్మిగ్ అనే క్రైస్తవ బృందం 1983లో అందులో అడుగుపెట్టింది. విరాళాలతో, వాలంటీర్ల రెక్కల కష్టంతో దాన్ని నిలబెట్టారు. ఇవాళ దాని పేరు శాంతి ఆయుధాగారం. నిలువనీడ లేనివాళ్లు రాత్రి పడుకునేదీ, ప్రార్థన జరిగేదీ ఆ గోడల మధ్యే.

ఈ రెండూ ఎందుకు నిలబడ్డాయన్నదే అసలు సంగతి. పాత ఫ్యాక్టరీ నేలను బాగుచేయడం ఎవరికీ గిట్టుబాటయ్యే పని కాదు. మట్టిలోకి నూనె ఇంకి ఉంటుంది, పైన ఆస్బెస్టాస్ రేకులు, కింద ఏ రసాయనం పారబోశారో తెలియని గుంతలు. బిల్డర్‌కి మూడేళ్లలో డబ్బు తిరిగి రావాలి, ప్రభుత్వానికి ఐదేళ్లకోసారి ఎన్నికలు. పాతికేళ్లు అక్కడే ఉండి చెత్త ఏరి, మట్టి మార్చి, మొక్క పెట్టి అది నీడనిచ్చేదాకా చూసే ఓపిక, ఆ నేల దేవుడిదని మనసారా నమ్మినవాళ్లకే ఉంటుంది, ఎందుకంటే వాళ్లు దాన్ని అమ్ముకోవడానికి రాలేదు, అక్కడే బతికి అక్కడే పోవడానికి వచ్చారు.

అభ్యంతరాలు లేవని కాదు. దమన్‌హూర్ వాళ్లు 1978 నుంచి కొండ లోపల రహస్యంగా, అనుమతి లేకుండా ఆలయాలు తవ్వారు, 1992లో గానీ అది బయటపడలేదు. బయటికొచ్చినవాళ్లు చేసిన ఆరోపణలూ ఉన్నాయి. గురువు చేతికి భూమి ఇస్తే ఏమవుతుందో మనకూ తెలుసు. అందుకే భూమిని రాసివ్వొద్దు, లీజుకివ్వండి, ఏటా మట్టి పరీక్ష, ఏటా ఆడిట్ పెట్టండి.

మన దగ్గర జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. ఆశ్రమం అనగానే కొండ కావాలి, చెరువు గట్టు కావాలి, పచ్చటి అడవి అంచు కావాలి. ప్రశాంతత కోసమని వెళ్లి అక్కడి గుట్టను తొలిచి పార్కింగ్ కడతారు. ఇంకోపక్క, నిజాం కాలంలో 1934లో వరంగల్‌లో పెట్టిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడితే, భవనాలు నేలమట్టమై ఆ భూమి ప్లాట్లయింది. బోధన్ నిజాం షుగర్స్‌లో 2015లో లేఆఫ్ ప్రకటించారు. తెరవగలిగినవాటిని తెరవాల్సిందే, కార్మికుల బకాయిలు అన్నిటికన్నా ముందు తీర్చాల్సిందే. ఇక తెరుచుకోవని తేలిపోయినవాటి సంగతి ఏమిటి? ప్రకృతే దైవం అని ప్రవచనాలు చెప్పే మఠాలు, మిషన్లు, ట్రస్టులు గాయపడని కొండను వదిలేసి ఈ గాయపడ్డ నేలను అడగాలి. పర్యావరణ భక్తి ఉందని చెప్పుకునేవాళ్లను నేను అడిగేది ఇదొక్కటే.

మా నాన్న పనిచేసిన మిల్లు ఇప్పుడు వెంచర్. మొన్న వెళ్లి చూశాను. మూడు షిఫ్టులకూ సైరన్ మోగిన చోట పసుపు రంగు హద్దురాళ్లు వరసగా పాతి ఉన్నాయి. మట్టిని కాలితో గీరితే ఇంకా నల్లగా, జిడ్డుగానే ఉంది, దానిమీదే ఇళ్లు లేస్తున్నాయి, ఆ ఇళ్లలో పిల్లలు ఆడుకుంటారు. నాన్నా వాళ్లూ టిఫిన్ డబ్బాలు విప్పుకున్న వేపచెట్టు ఒక్కటే మిగిలింది, దాని మొదలు మీదా సున్నంతో ప్లాటు నంబరు రాసేశారు.