జేబులోని అనలాగ్ చెవి మిషను గారికి

మహారాజశ్రీ అనలాగ్ చెవి మిషను గారికి, నమస్కారములు. ఉభయకుశలోపరి.

తమరు చొక్కా జేబులో కొలువుదీరి, సన్నని తీగ ఒకటి చెవికి పంపి, మా పెద్దలకు దశాబ్దాలుగా చేస్తున్న సేవ మాటల్లో చెప్పలేనిది. ఏ శబ్దాన్నీ పెడచెవిన పెట్టని సమదృష్టి తమరిది. "మామయ్యా, బీపీ మాత్ర వేసుకున్నారా?" అన్న కోడలి మాటను ఎంత ఆదరంగా పెంచుతారో, అదే క్షణాన వంటింట్లో తిరిగే మిక్సీనీ, కుక్కరు కూతనూ, సింకులో పడిన స్టీలు గరిటెనూ అంతే ఆదరంగా పెంచుతారు. గంజి పెట్టిన చొక్కా తమ మైకుకు రాసుకున్నప్పటి బరబర అయితే అన్నింటికంటే ముందే చేరుతుంది. మామయ్యగారు చివరికి తమ చక్రాన్ని పూర్తిగా తగ్గించి, ఇంటిల్లిపాదినీ కోప్పడి, మాత్ర వేసుకోకుండానే పడుకుంటారు.

వయసు మీద పడినవారికి సాధారణంగా ముందు దూరమయ్యేవి సన్నని, అంటే ఎక్కువ పౌనఃపున్యం గల, ధ్వనులు. 'స', 'శ', 'ఫ' వంటి అక్షరాల బలం చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది కనుక, అచ్చులు దక్కి హల్లులు జారిపోయి, "వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు" అనే ఫిర్యాదు పుడుతుంది. దీనికి తమ దగ్గరున్న మందు, స్క్రూడ్రైవరుతో తిప్పే ఒకటి రెండు మరలు. డిజిటల్ మిషను ధ్వనిని అంకెలుగా మార్చి, పౌనఃపున్యాన్ని బట్టి పట్టీలుగా (ఛానళ్ళుగా) విడదీసి, ఆడియోగ్రాంలో, అంటే వినికిడి పరీక్ష పటంలో, లోటు కనబడిన చోటనే పెంచుతుంది. మిషనులోంచే కూత పుట్టబోతే చాలావరకు అణచివేస్తుంది. అటువంటివి 1996 నాటికే అంగడికెక్కినా తమరు ఇంకా జేబు ఖాళీ చేయలేదంటే, ఆ ఘనతలో సగం వాటిని అమ్మేవారిదే.

వారు ఆడియోగ్రాం వంక ఒక చూపు చూసి, కేబుల్ టీవీ ప్యాకేజీ చెప్పినట్టు నాలుగు, ఎనిమిది, పదహారు ఛానళ్ళంటూ ధర పెంచుకుంటూ పోతారు. కొన్న తరువాత మళ్ళీ రెండు మూడుసార్లు కూర్చోబెట్టి, ఆ చెవికి తగినట్టు ప్రోగ్రామింగ్ సరిచేయాలన్న సంగతి మాత్రం రసీదు చేతికొచ్చాక ఎవరికీ గుర్తుండదు. సరిచేయని పదహారు ఛానళ్ళ కంటే, ఓపికగా సరిచేసిన నాలుగు ఛానళ్ళే నయమని నా అభిప్రాయం. పైగా డిజిటల్ మిషన్లలో చాలావాటికి వేసే జింక్-ఎయిర్ బిళ్ళ బ్యాటరీ స్టిక్కరు ఊడదీసిన క్షణం నుంచి, వాడినా వాడకపోయినా తరిగిపోతూనే ఉంటుంది. తమ పెన్సిల్ సెల్లు ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. ఈ ఒక్క విషయంలో తమరికి సాటి లేదు.

అయినా మామయ్యగారికి డిజిటల్ మిషనే కొనాలని నిశ్చయించాము; దుకాణాన్ని మాత్రం ఛానళ్ళను బట్టి కాక, అక్కడి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడి) ఓపికను బట్టి ఎంచుకుంటాము. కావున తమరు జేబు ఖాళీ చేయవలసిందిగా మనవి. తమలోని పెన్సిల్ సెల్లును గోడ గడియారానికి వేసుకుంటాము.

ఇట్లు,
తమ చక్రం తిప్పి తిప్పి అలసిన ఒక కుటుంబం