ఎడారిలో ఏముంటుందని వెళ్లార్రా బాబూ!

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా ఒకటే గోల. మొన్న స్ప్రింగ్ బ్రేక్‌కి మా బావ వాళ్లూ మేమూ కలిసి ఆర్వీ (వంటగదీ పడకా అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని డెత్ వ్యాలీ ఎడారి చూడ్డానికి వెళ్లాం. నెవాడాలో బేటీ అనే ఊళ్లో రెండు రాత్రులు దిగాం (హిందీ బేటీ కాదు, ఊరి పేరే అంత). వచ్చీ రాగానే మేం బండి నిలిపిన ఆ క్యాంప్‌గ్రౌండ్‌కి మా బావ ఆన్‌లైన్ రివ్యూలో ఒక్క స్టార్ ఇచ్చి, "చెట్టు లేదు, పూల్ లేదు, ఉత్త కంకర" అని రాసి, ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాడు. అందరూ చప్పట్లు. నాకు ఒళ్లు మండింది.

బావా, అది లాస్‌వేగస్ దాటి రెండు గంటలు 95 హైవే మీద పోతే వచ్చే ఊరు. వెయ్యి మంది కూడా ఉండరు. రాత్రికి 40 డాలర్ల చిల్లర పెడితే ఆ ఎడారిలో మనకు దక్కింది మూడు: ఒక కరెంటు స్తంభం, ఒక నీళ్ల కుళాయి, సెప్టిక్‌లోకి పోయే ఒక కన్నం. మూడూ పనిచేశాయి. ఇంకేం కావాలి?

"కరెంటు కూడా పోయింది" అని రాశావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. పోయింది కాదు, మనం పోగొట్టాం. మనది 30 ఆంపుల కనెక్షన్. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు, అంతే. పైన ఏసీ 1,500 దాకా లాగుతుంటే, అక్కయ్య 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ మీద సాంబారు పెట్టింది, మా ఆవిడ రైస్ కుక్కర్ స్విచ్ నొక్కింది. టప్! చీకట్లో బావ "ఏం క్యాంప్‌గ్రౌండో ఇది" అంటుంటే, నేను సెల్‌ఫోన్ లైటేసుకుని స్తంభం దగ్గరికెళ్లి బ్రేకర్ పైకి లేపొచ్చా. అరగంట ఏసీ ఆపితే అన్నం ఉడికింది. మన ఊళ్లో ఎండాకాలం ఇన్వర్టర్ మీద ఏది వెయ్యాలో ఏది ఆపాలో లెక్కలేసుకుని బతికినవాళ్లమేగా! అమెరికా రాగానే ఆ తెలివంతా ఎటు పోయిందో.

ట్యాంకు ఖాళీ చేసే పని మాత్రం నా నెత్తిన పడింది, అది వేరే కథ. ముందు బ్లాక్ ట్యాంకు, అంటే టాయిలెట్‌ది, వదలాలి, తర్వాత వాడిన నీళ్లుండే గ్రే ట్యాంకు. అంట్ల నీళ్లూ స్నానాల నీళ్లూ వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ వరస తప్పితే ఆ గొట్టం చేత్తో పట్టుకున్నవాడికే తెలుస్తుంది. బావ మాత్రం పది అడుగుల దూరంలో ముక్కు మూసుకుని సలహాలిచ్చాడు.

రెండో రోజు ఊరికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న రయోలైట్‌కి వెళ్లాం. 1904లో అక్కడ బంగారం దొరికితే రెండు మూడేళ్లలో బ్యాంకులూ రైలు స్టేషనూ లేచిన పట్టణమది. 1906లో ఒకాయన కలప దొరక్క దాదాపు 50,000 సీసాలు పేర్చి ఇల్లు కట్టుకున్నాడు. చెట్టు లేదని ఏడ్చిన బావ ఆ ఇంటి ముందు పదకొండు సెల్ఫీలు దిగాడు! బంగారం పలచబడింది, జనం వెళ్లిపోయారు, 1916లో కరెంటు లైన్లు కూడా పీకేశారు. మూడంతస్తుల బ్యాంకుకి ఇప్పుడు మొండిగోడలే మిగిలాయి. బేటీ మాత్రం నిలిచింది, ఊటనీళ్లున్న లోయలో ఉంది కాబట్టి. నువ్వు తిట్టిన కుళాయిలో వచ్చేది ఆ లోయ నీళ్లే బావా.

మధ్యాహ్నం గాలి లేచి మన ఆర్వీ పక్కన చాపిన గుడ్డ పందిరి ఎగిరిపోబోతే, పక్క ఆర్వీలో ఉన్న తెల్లగడ్డం తాత పిలవకుండానే వచ్చి చుట్టిపెట్టాడు. ఆయనకి స్టార్ ఇవ్వవా?

ఇక గాడిదలు. గని పనివాళ్లు వదిలేసిపోయిన వాటి సంతానం ఇప్పటికీ ఊళ్లో వీధుల్లో తిరుగుతుంటాయి. 1971 నుంచి వాటికి చట్టం రక్షణ కూడా ఉంది. పొద్దున్నే ఒకటొచ్చి మా బల్ల దగ్గర నిలబడి, పులిహోర గిన్నె వాసన చూసి, ముఖం తిప్పుకుని పోయింది. గిన్నె మీద మూత పెట్టనందుకు అక్కయ్య బావని తిట్టింది. ఆ సంగతీ రివ్యూలో చేర్చాడు మహానుభావుడు, "జంతువుల బెడద" అని.

ఆ ఒక్క స్టార్ ఇంకా తియ్యలేదు. చదువుతున్నావా బావా?